క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికి దిగులు మందులు: బెంగళూరుకు వచ్చే తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో డెయిరీ సర్కిల్‌కు దగ్గర్లో ఉన్న కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి ముందు పొద్దున్నే నిలబడితే కన్నడంతో పాటు తెలుగు కూడా చెవిన పడుతూనే ఉంటుంది. హిందూపురం, మదనపల్లె, అనంతపురం, కడప నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్లు రిపోర్టుల కవరు ఒళ్లో పెట్టుకుని టోకెను కోసం ఎదురుచూస్తుంటారు. మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు ఇదే నగరంలో వేరే ఆసుపత్రిలో నేనూ అలాగే కూర్చున్నాను. అమ్మ వైద్యం ముగిశాక, భాష తెలియక ఇబ్బంది పడే తెలుగువాళ్లకు తోడుగా వెళ్లడం అలవాటైంది. వాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలు ఇవి.

నేను డాక్టరును కాను. ఇది చదివి ఏ మందూ మొదలుపెట్టవద్దు, ఏ మందూ మానవద్దు. డాక్టరు ముందు కూర్చున్న ఐదు నిమిషాల్లో ఏమి అడగాలో తెలియాలన్నదే నా ఆరాటం. యాంటీడిప్రెసెంట్లను అమ్మ ‘దిగులు మందులు’ అనేది. నేనూ ఆ మాటే వాడుతున్నాను.

క్యాన్సర్ వచ్చిన మనిషి దిగులుపడటం సహజమే కదా. దానికి కూడా మందు ఎందుకు?

దిగులు సహజమే. రిపోర్టు వచ్చిన రోజు ఏడవడం, కీమో ముందు రోజు రాత్రి నిద్రపట్టకపోవడం జబ్బు కాదు. పలకరించడానికి ఒకరు వస్తే, మనవడు ఫోను చేస్తే కాసేపైనా తేరుకునే దిగులు అది. దానికి మందు అక్కర్లేదు.

డిప్రెషన్ తీరు వేరు. రెండు వారాలకు పైగా, రోజులో ఎక్కువ భాగం మనసు అణగిపోయి ఉంటుంది. ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోతుంది. 2011లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం క్యాన్సర్ వైద్యంలో ఉన్నవారిలో సుమారు ఆరుగురిలో ఒకరికి ఇది ఉంటుంది. అంటే మిగతా ఐదుగురికి ఉండదు. ‘క్యాన్సర్ కదా, ఇలాగే ఉంటారులే’ అని సరిపెట్టుకుంటే ఆ ఆరో మనిషికి అన్యాయం చేసినట్టే.

చిక్కేమిటంటే, ఆకలి లేకపోవడం, నిద్ర చెడటం, నీరసం, బరువు తగ్గడం కీమో వల్లా వస్తాయి, డిప్రెషన్ వల్లా వస్తాయి. అందుకే అనుభవం ఉన్న డాక్టర్లు ఒంటి లక్షణాల కంటే మాటల మీద ఎక్కువ దృష్టి పెడతారు. ‘నేను మీకు భారమైపోయాను’, ‘ఏ పాపం చేశానో’, ‘ఇంకెందుకు ఈ ఖర్చు’ అనే మాటలు రోజూ వినిపిస్తుంటే వాటిని డాక్టరుకు చేరవేయండి.

మా అమ్మ విషయంలో నాకు అర్థమైంది టమాటా ధర వల్ల. మాకు మదనపల్లె దగ్గర రెండెకరాల తోట ఉంది. కీమో ఎక్కుతున్న రోజు కూడా అమ్మ తమ్ముడికి ఫోను చేసి, “ఈ పొద్దు బాక్సు ఎంత పలికింది?” అని అడిగేది. నాలుగో కీమో తర్వాత అడగడం మానేసింది. తమ్ముడే ఫోను చేసి ధర బాగా పెరిగిందని చెబితే, “ఊఁ” అని ఫోను నాకిచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. వాంతులు, జుట్టు రాలడం, చేతి నరాలు నల్లబడటం అన్నీ చూశాను గాని, నాకు భయం వేసింది ఆ రోజే.

ఇవి పిచ్చికి ఇచ్చే మందులా? అలవాటైపోతాయా?

కావు. మెదడులో సెరటోనిన్, నార్ఎపినెఫ్రిన్ వంటి రసాయనాల మీద పనిచేసే మందులు ఇవి. మత్తు కోసం వెంపర్లాడే అలవాటు వీటికి పుట్టదు, రోజురోజుకూ మోతాదు పెంచుకుంటూ పోవాల్సిన పనీ ఉండదు. అయితే ఒక్కసారిగా మానేస్తే కొందరికి తల తిరగడం, చిరాకు, ఒళ్లంతా కరెంటు జివ్వుమన్నట్టు ఉండటం జరుగుతుంది. అందుకే మానేటప్పుడు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. అలవాటు భయం నిద్రమాత్రలకు వర్తిస్తుంది, దాని గురించి కింద రాశాను.

దిగులు మందు వేసుకుంటే క్యాన్సర్ మందు పనిచేయదని విన్నాం. నిజమా?

చాలా మందుల విషయంలో నిజం కాదు. ఒక జంట విషయంలో మాత్రం గట్టిగా పట్టించుకోవాలి. ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఆ జంటే కాబట్టి వివరంగా చెబుతాను.

హార్మోను ప్రభావంతో పెరిగే రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ అనే మాత్ర ఇస్తారు. సాధారణంగా ఐదేళ్లు, కొందరికి పదేళ్లు. వడ్లను మరపట్టిస్తేనే బియ్యం వచ్చినట్టు, టామాక్సిఫెన్ కాలేయంలోకి వెళ్లి ఎండాక్సిఫెన్‌గా మారితేనే దాని బలమంతా బయటికి వస్తుంది. ఆ మర పేరు సీవైపీ2డీ6 అనే ఎంజైము. పారోక్సెటీన్, ఫ్లూయోక్సెటీన్ అనే దిగులు మందులు, అలాగే బ్యుప్రోపియాన్, ఆ మరను గట్టిగా ఆపుతాయి. మాత్ర రోజూ మింగుతూనే ఉంటారు, లోపల బియ్యం మాత్రం తయారు కాదు.

కెనడాలోని అంటారియో రాష్ట్రంలో చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. టామాక్సిఫెన్‌తో పాటు పారోక్సెటీన్ ఎక్కువ కాలం వాడిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు ఎక్కువగా ఉన్నాయని అందులో తేలింది. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ ఆ మాటే చెప్పలేదు. అయినా అదే పని చేసే మరో దిగులు మందు దొరుకుతున్నప్పుడు ఈ ప్రమాదం నెత్తికెత్తుకోవడం ఎందుకని డాక్టర్లు ఈ జంటను తప్పిస్తారు.

అమ్మకు జరిగింది ఇదే. కీమోల మధ్య ఊరికి వెళ్లినప్పుడు అక్కడి డాక్టరు దిగులు తగ్గడానికి పారోక్సెటీన్ రాశారు. అప్పటికి అందులో తప్పేమీ లేదు, అమ్మ కాస్త తేరుకుంది కూడా. ఆపరేషన్ అయింది, కరెంటు పెట్టడమూ అయింది. (రేడియేషన్‌ను మా వైపు అలాగే అంటారు.) తర్వాత బెంగళూరులో టామాక్సిఫెన్ మొదలుపెట్టారు. ‘ఇతర మందులు’ అన్న గడిలో ‘లేవు’ అని రాసి ఉంది. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. దిగులు మాత్ర కూడా ఒక మందే అని నాకు తోచలేదు. ఊరి చీటీ అమ్మ పర్సులో ఉంది, బెంగళూరు చీటీ ఫైలులో ఉంది. నాలుగు నెలలు అవి రెండూ కలవలేదు. ఒక రోజు మందులిచ్చే కిటికీ దగ్గర, చిల్లర కోసం అమ్మ పర్సు తెరిస్తే ఖాళీ అయిన పారోక్సెటీన్ అట్ట కింద పడింది. కిటికీ లోపలి అమ్మాయి దాన్ని చూసి, “ఇది ఎవరిది?” అని అడిగింది. ఆ అమ్మాయికి నేను రుణపడి ఉన్నాను.

మరునాడే క్యాన్సర్ డాక్టరు, మానసిక వైద్యురాలు మాట్లాడుకుని, కొన్ని వారాల్లో పారోక్సెటీన్ తగ్గిస్తూ వెన్లాఫాక్సిన్‌కు మార్చారు.

అయితే టామాక్సిఫెన్ వాడేవారికి ఏ దిగులు మందు మంచిది?

వెన్లాఫాక్సిన్, డెస్‌వెన్లాఫాక్సిన్, సిటలోప్రామ్, ఎస్సిటలోప్రామ్, మిర్టాజపీన్ ఆ ఎంజైమును పెద్దగా తాకవు. సెర్ట్రలీన్, డులోక్సెటీన్ మధ్యస్థంగా ఆపుతాయి. మోతాదును బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. ఇప్పటికే పారోక్సెటీన్ గానీ ఫ్లూయోక్సెటీన్ గానీ వేసుకుంటుంటే భయపడి ఈ రాత్రే ఆపేయకండి. రేపు డాక్టరుకు చెప్పండి, మార్చే పని వారు చూసుకుంటారు.

లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ అనే వేరే హార్మోను మాత్రలు వాడేవారికి ఈ గొడవ లేదు. వాటికి ఆ మరతో పని లేదు.

కీమో నడుస్తుండగా వేసుకోవచ్చా?

చాలామంది వేసుకుంటారు. డాక్టర్లు కొన్ని విషయాలు చూసుకుంటారు, మీకూ తెలిసి ఉండటం మంచిది.

రక్తస్రావం మొదటిది. గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లకు సెరటోనిన్ కావాలి. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్ వర్గానికి చెందిన మందులు ప్లేట్‌లెట్లలో ఆ నిల్వను తగ్గిస్తాయి. కీమో వల్ల ప్లేట్‌లెట్లు ముందే పడిపోయి ఉండి, దానికి తోడు నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి గానీ, గుండెకు ఆస్పిరిన్ గానీ వాడుతుంటే చిగుళ్ల నుంచి రక్తం, నల్లని విరేచనం వంటివి కనిపించవచ్చు. కనిపిస్తే వెంటనే చెప్పాలి.

రెండోది సోడియం, అంటే ఒంట్లో ఉప్పు. వయసు మళ్లినవారిలో ఈ మందుల వల్ల సోడియం పడిపోవచ్చు. సిస్‌ప్లాటిన్, విన్‌క్రిస్టీన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులూ దాన్ని పడగొట్టగలవు. మనిషి మాట తడబడుతూ, మగతగా, ఎక్కడున్నదీ తెలియనట్టు ఉంటే ‘దిగులు ఎక్కువైంది’ అనుకుని ఇంట్లో కూర్చోకండి. సోడియం పరీక్ష మామూలు రక్తపరీక్షే.

వాంతులకు ఇచ్చే ఒండాన్‌సెట్రాన్, ఎస్సిటలోప్రామ్ కలిస్తే కొందరిలో గుండె లయ మీద ప్రభావం పడవచ్చు. గుండెజబ్బు ఉన్నవారికి, పొటాషియం తగ్గినవారికి ఈసీజీ తీసి చూస్తారు. మెదడులో గడ్డ ఉన్నవారికి, మూర్ఛ వచ్చినవారికి బ్యుప్రోపియాన్ సాధారణంగా ఇవ్వరు, అది మూర్ఛను రెచ్చగొట్టగలదు. నొప్పికి ట్రమడాల్, ఇన్‌ఫెక్షన్‌కు లినెజోలిడ్, కొన్ని లింఫోమాలకు (లింఫు గ్రంథుల క్యాన్సర్లకు) ఇచ్చే ప్రోకార్బజీన్ దిగులు మందుతో కలిస్తే సెరటోనిన్ మితిమీరి వణుకు, చెమటలు, జ్వరం, విరేచనాలు, కండరాలు బిగుసుకుపోవడం రావచ్చు. అలాంటప్పుడు అత్యవసర విభాగానికి వెళ్లాలి.

ఇవన్నీ చదివి జడుసుకోకండి. ప్రతి మందూ ప్రతి డాక్టరుకూ తెలిస్తే వీటిలో చాలా వాటిని ముందే తప్పించవచ్చు.

మా నాన్నగారికి దిగులేమీ లేదు. అయినా డులోక్సెటీన్ రాశారు. మందుల షాపులో ‘ఇది డిప్రెషన్ మందు’ అన్నారు. పొరపాటు జరిగిందా?

పొరపాటు కాకపోవచ్చు. ఈ ప్రశ్న నాకు నెలకు రెండు మూడుసార్లు ఎదురవుతుంది. షాపువాళ్ల ఆ ఒక్క మాటతో మందు మానేసినవాళ్లను చూశాను, నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది.

పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్ లాంటి కీమో మందులు నరాలను దెబ్బతీస్తాయి. అరికాళ్లు మంట, చేతివేళ్లు తిమ్మిరి, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం దాని గుర్తులు. కీమో తెచ్చిన నరాల నొప్పిని డులోక్సెటీన్ తగ్గిస్తుందని 2013లో వెలువడిన పరీక్షలో తేలింది. ఇదే నొప్పికి కొందరు డాక్టర్లు ఎమిట్రిప్టిలీన్‌ను రాత్రిపూట 10 లేదా 25 మి.గ్రా. చొప్పున ఇస్తారు. దాంతో నోరు ఎండటం, మలబద్ధకం రావచ్చు. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవారికి మూత్రం బిగుసుకుపోవచ్చు, ఆ సంగతి ముందే చెప్పండి.

హార్మోను మాత్రలతో ఒంట్లోంచి ఒక్కసారిగా ఆవిర్లు లేచి, రాత్రి చెమటతో జాకెట్టు తడిసిపోయే స్త్రీలకు తక్కువ మోతాదులో వెన్లాఫాక్సిన్ ఇస్తారు. అమ్మకు ఆ మందు రెండు విధాలా కలిసివచ్చింది. దిగులూ తగ్గింది, ఆవిర్లూ తగ్గాయి. అది రక్తపోటు పెంచగలదు కనుక బీపీ చూపించుకుంటూ ఉండాలి. నిద్ర లేనివారికి, వికారంగా ఉండేవారికి మిర్టాజపీన్ ఎంచుకుంటారు. రాత్రి వేసుకుంటే నిద్ర పడుతుంది, కొందరికి ఆకలీ పుడుతుంది.

ఎన్ని రోజుల్లో గుణం కనిపిస్తుంది?

రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పూర్తి ఫలితానికి ఆరు వారాలో, ఇంకాస్త ఎక్కువో పట్టవచ్చు. మొదటి వారంలో వికారం, తలనొప్పి, కాస్త కంగారు వస్తాయి గాని మేలు కనిపించదు. చాలామంది మానేసేది ఆ వారంలోనే. డాక్టరు ఈ మాట ముందే చెబితే సగం మంది నిలబడతారని నా నమ్మకం. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు.

కీమో రోజు మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతి అయితే మళ్లీ వేసుకోవాలా వద్దా అన్నది ముందే అడిగి రాసుకోండి.

నిజంగా పనిచేస్తాయా? మాటలతో ధైర్యం చెబితే చాలదా?

దాపరికం లేకుండా చెప్పాలి. క్యాన్సర్ ఉన్నవారిలో ఈ మందుల మీద జరిగిన పరీక్షలు తక్కువ, చిన్నవి కూడా. మేలు చేస్తాయని చెప్పే ఆధారం ఉంది గాని అది బలమైన ఆధారం కాదు. అందుకే అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2023 మార్గదర్శకాలు కౌన్సెలింగ్ తరహా చికిత్సలను ముందు పెట్టాయి. అవి అందుబాటులో లేనివారికి, వాటితో తగ్గనివారికి, మందే కావాలనుకునేవారికి, ఇంతకు ముందు మందుతో బాగైనవారికి మందు ఇవ్వవచ్చని చెప్పాయి.

కానీ కడప నుంచి మూడు వారాలకోసారి వచ్చి, కీమో ఎక్కించుకుని, సాయంత్రం బస్సుకే తిరిగి వెళ్లే మనిషికి వారం వారం కౌన్సెలింగ్ ఎలా కుదురుతుంది? అలాంటివారికి మాత్ర పెద్ద ఆసరా. ఈ విషయంలో నా అభిప్రాయం స్థిరం: రెండూ దొరికితే రెండూ తీసుకోండి, ఒకటే దొరికితే ఆ ఒకటీ వదులుకోకండి.

స్కాట్లాండ్‌లో 500 మంది క్యాన్సర్ రోగుల మీద జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. శిక్షణ పొందిన నర్సులు క్యాన్సర్ ఆసుపత్రిలోనే కూర్చుని, మానసిక వైద్యుల పర్యవేక్షణలో, మందులనూ మాటల చికిత్సనూ కలిపి నడిపించారు. ఆరు నెలలకు దిగులు సగానికి సగమైనా తగ్గినవారు 62 శాతం. మామూలు పద్ధతిలో వైద్యం అందినవారిలో 17 శాతమే. మందు ఒక్కటే ఆ పని చేయలేదు. ఒకరు వెంటపడి కనుక్కుంటూ ఉండటం, తగ్గకపోతే మందు మార్చడం కలిసి చేశాయి. మన ఆసుపత్రుల్లో అలాంటి నర్సు ప్రతిచోటా ఉండదు. ఇంట్లో ఒకరు ఆ బాధ్యత తీసుకోగలరు.

‘ధైర్యంగా ఉండు’ అని పదిసార్లు చెప్పడం మాత్రం మాటల చికిత్స కాదు. అలా చెప్పిన ప్రతిసారీ అమ్మ మరింత ముడుచుకుపోయేది.

మందు మొదలుపెట్టే ముందు ఏవైనా పరీక్షలు అవసరమా?

థైరాయిడ్ తగ్గితే అచ్చం డిప్రెషన్ లాగే ఉంటుంది. మెడకు రేడియేషన్ తీసుకున్నవారిలో, ఇమ్యునోథెరపీ (ఒంటి రక్షణశక్తిని క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే వైద్యం) ఇంజెక్షన్లు తీసుకునేవారిలో థైరాయిడ్ దెబ్బతినవచ్చు. హిమోగ్లోబిన్, బీ12, సోడియం కూడా చూస్తారు. నొప్పి తగ్గకపోతే ఏ దిగులు మందూ నిలబడదు, ముందు నొప్పికి సరైన వైద్యం జరగాలి. కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రెండు మూడు రోజులు నిద్ర లేకుండా హుషారుగా ఉంచి, ఆపగానే మనిషిని కుంగదీయగలదు. ఏ కీమో తర్వాత ఎన్నో రోజు దిగులు వచ్చిందో క్యాలెండరు మీద గుర్తు పెడితే డాక్టరుకు చాలా తేలికవుతుంది.

ఇంట్లో నిద్రమాత్రలు ఉన్నాయి. అవి ఇవ్వవచ్చా?

వద్దు. ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటివి దిగులు మందులు కావు. వాటికి అలవాటు పడతారు. నొప్పికి మార్ఫిన్ వాడుతున్నవారికి డాక్టరు లెక్క లేకుండా ఇస్తే శ్వాసే మందగించవచ్చు.

ఆయుర్వేదం, మూలికలు వాడవచ్చా?

ఏది వాడినా చెప్పి వాడండి. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే విదేశీ మూలిక దిగులు తగ్గిస్తుందని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అది ఇరినోటెకాన్, ఇమాటినిబ్ లాంటి క్యాన్సర్ మందులను ఒంట్లో నిలవనివ్వదు. చికిత్సలో ఉన్నవారు దాని జోలికి పోకూడదు. అశ్వగంధ వల్ల కొందరిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి, థైరాయిడ్ మీదా ప్రభావం ఉంటుంది. ఆకు కదా, ఏమవుతుందిలే అనుకోకండి. పాక్లిటాక్సెల్ కూడా మొదట చెట్టు బెరడులోంచి వచ్చిందే.

ఆయనకు క్యాన్సర్ అని మేము చెప్పలేదు. మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తే బయటపడదా?

మన ఇళ్లలో ఇది మామూలే. ‘కణితి ఉంది, కరిగించే సూది’ అని చెప్పి తీసుకొస్తారు. ప్రేమతోనే చేస్తారు, నేను తప్పుపట్టను. కానీ వార్డులో పక్క మంచం మనిషి జుట్టు చూసి, బోర్డులు చదివి, రోగికి చాలాసార్లు అంతా తెలిసిపోయే ఉంటుంది. మీరు బాధపడతారని ఆయన, ఆయన బాధపడతారని మీరు దాచుకుంటూ, ఒకే గదిలో ఇద్దరూ ఒంటరులవుతారు. ఆ ఒంటరితనం దిగులును పెంచుతుంది.

అపాయింట్‌మెంటుకు ముందు మానసిక వైద్యుడితో మీరు విడిగా మాట్లాడి పరిస్థితి చెప్పవచ్చు. “మీ జబ్బు గురించి మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?” అని వారు నెమ్మదిగా రోగినే అడుగుతారు. తెలుసుకోవాలో వద్దో ఆయనే చెబుతారు.

‘నేను పోతే మీకు సుఖం’ అంటోంది. ఊరికే అంటోందా?

ఊరికే అనుకోవద్దు. సూటిగా అడగండి: “చనిపోవాలని అనిపిస్తోందా? ఏమైనా చేసుకోవాలని ఆలోచించావా?” అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు. పుట్టదు. అడిగినవాళ్లు ఉన్నారన్న ఊరటే కలుగుతుంది.

అవునంటే ఒంటరిగా వదలకండి. మాత్రలన్నీ, ముఖ్యంగా ఎమిట్రిప్టిలీన్, మీ దగ్గర తాళంలో పెట్టుకుని ఏ పూటకు ఆ పూట ఇవ్వండి. ఎమిట్రిప్టిలీన్ ఒకేసారి ఎక్కువగా మింగితే గుండెకు ప్రాణాంతకం. పల్లెల్లో ఇళ్లలో ఉండే పురుగుమందు డబ్బాలు ఆ రోజే బయటికి తరలించండి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. రాత్రివేళ ఎటూ తోచకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఉచితం, ఇరవైనాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

చెబితే పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టేవారూ ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి. వేరే విధంగా రుజువైతే తప్ప శిక్షించకూడదు.

మానసిక వైద్యం వివరాలు ఫైలులో రాస్తే బీమా రాదా? నలుగురికీ తెలుస్తుందా?

మానసిక జబ్బులకూ ఒంటి జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని ఆ చట్టమే చెబుతోంది. గోప్యత కూడా రోగి హక్కు.

బెంగళూరులో ఎక్కడికి వెళ్లాలి?

ముందు మీ క్యాన్సర్ డాక్టరునే అడగండి. చాలా ఆసుపత్రుల్లో కౌన్సెలరో, నొప్పి ఉపశమన విభాగమో ఉంటుంది, అడగనిదే ఎవరూ చెప్పరు. కిద్వాయిలో చూపించుకునేవారికి మరో సౌలభ్యం ఉంది. దేశంలో మానసిక వైద్యానికి పేరెన్నికగన్న నిమ్హాన్స్ దాని పొరుగునే ఉంది. రెండింటి పిన్‌కోడ్ కూడా ఒకటే, 560029. ‘నిమ్హాన్స్‌కా? అక్కడికి ఎందుకు?’ అని కంగారుపడేవారు చాలామంది. అక్కడి వరుసలో నిలబడి చూస్తే నిద్రపట్టని టీచర్లు, పరీక్షలంటే భయపడే పిల్లలు, మనలాంటివాళ్లే కనిపిస్తారు. రద్దీ ఎక్కువ, పొద్దున్నే వెళ్లండి. జబ్బు ముదిరి, నయం చేసే వైద్యం ఆగిపోయినవారికి మారతహళ్లి వైపు కరుణాశ్రయ ఉంది. అక్కడి సేవ ఉచితం.

డాక్టరుకు తెలుగు రాదు. దిగులును ఎలా చెప్పాలి?

బెంగళూరు డాక్టర్లలో, నర్సుల్లో తెలుగు తెలిసినవారు ఎక్కువే. ‘తెలుగు వచ్చినవారు ఎవరైనా ఉన్నారా?’ అని అడగడానికి మొహమాటపడకండి. డిప్రెషన్‌ను గుర్తించే తొమ్మిది ప్రశ్నల పత్రం, పీహెచ్‌క్యూ-9, తెలుగులోనూ ఉంది. అదీ అడగండి.

మనవాళ్లు దిగులును మనసు పేరుతో చెప్పరు. ‘గుండె దడ’, ‘కడుపులో దేవినట్టుంది’, ‘ఒళ్లంతా పీకుతోంది’, ‘బెంగగా ఉంది’ అంటారు. ‘గుండె దడ’ను మీరు గుండెజబ్బుగా అనువదిస్తే వేరే పరీక్షలకు పంపుతారు. అందుకే అనువాదం చేసేవారు మాటతో పాటు సంగతి కూడా చెప్పాలి: ‘మూడు వారాలుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు, పాలవాడు వచ్చినా లేవడం లేదు, తన తోట గురించి అడగడం లేదు’ అని. పిల్లల చేత అనువాదం చేయించకండి. తల్లి ‘చచ్చిపోవాలని ఉంది’ అన్న మాటను పన్నెండేళ్ల కూతురు కన్నడంలోకి మార్చి చెప్పడం ఒకసారి చూశాను. ఆ పిల్ల ముఖం నాకింకా గుర్తుంది.

తోడుగా ఉన్న నాకే నిద్ర పట్టడం లేదు. నేనూ చూపించుకోవచ్చా?

చూపించుకోండి. నేనూ చూపించుకున్నాను. 14416 తోడున్నవారికీ పనిచేస్తుంది.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఏమేమి తీసుకెళ్లాలి?

ఒక్క చీటీ. దాని మీద ఇంట్లో వేసుకునే మందులన్నీ ఉండాలి. బీపీది, షుగరుది, ఊరి డాక్టరు రాసినది, ఆయుర్వేదం పొడి, అప్పుడప్పుడు వేసుకునే నొప్పి మాత్ర, అన్నీ. కంపెనీ పేరు కాకుండా అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు రాయండి, ఒకే మందు పది పేర్లతో అమ్ముడవుతుంది. ఎన్ని మి.గ్రా., ఏ పూట, ఎప్పటి నుంచి అన్నదీ రాయండి. చదవడం రాకపోతే అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పోయండి. క్యాన్సర్ డాక్టరుకు, మానసిక వైద్యుడికి, ఊళ్లో జ్వరానికి చూసే డాక్టరుకు, మందుల షాపుకు అదే చీటీ చూపించండి. కొత్త మందు రాసిన ప్రతిసారీ, “ఇందులో ఉన్న వాటితో ఇది పడుతుందా?” అని వేలు పెట్టి అడగండి.

అమ్మ చీటీ ఇప్పుడు పర్సులో లేదు, కళ్లజోడు పెట్టెలో ఉంటుంది. మడతల దగ్గర చిరిగితే తమ్ముడి కూతురు సెలోటేపు అంటించింది. పైన ఉన్నవన్నీ నేను రాసినవి. చివరి వరుస అమ్మ తనే రాసుకుంది: ‘వెన్లాఫాక్సిన్, పొద్దున, ఇడ్లీ తిన్నాక.’